గోడ వెనుక పనికి కూలి ఎంత?

స్నానాల గదిలో పాత టైల్సు ఊడి పడినప్పుడు, వంటింటి గోడకు చెమ్మ ఎక్కి మరమ్మతు తప్పనిసరి అయినప్పుడు, ఉద్యోగి కుటుంబంలో ఒక లెక్క మొదలవుతుంది. టైల్సు ధర దుకాణంలో తెలుస్తుంది. టైల్సు వెనుక బిగించవలసిన సిమెంటు బోర్డు ధర కూడా అక్కడే తెలుస్తుంది. ఆ బోర్డును మెట్లమీదుగా మోసి తెచ్చి, కొలతకు కోసి, గోడకు బిగించి, అతుకులు పూడ్చే మనిషికి ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఏ బిల్లులోను రాసి ఉండదు. అది గుమ్మం దగ్గర నిలబడి బేరమాడి తేల్చుకునే మొత్తం. మేస్త్రి ఒక అంకె చెబుతాడు. మనం అందులో సగం చెబుతాము. మధ్యలో ఎక్కడో బేరం కుదురుతుంది. ఆ కుదిరిన మొత్తం న్యాయమైనదా కాదా అని ఉభయులలో ఎవరూ ఆలోచించరు.

రైల్వే, తపాలా ఉద్యోగుల జీతభత్యాలను, పని పరిస్థితులను చర్చించే ఈ పుటలలో ఇంటి మరమ్మతుకు చోటెందుకని పాఠకులు అడగవచ్చు. మా సమాధానం ఇది. రెండు రోజులకైనా సరే, మరొకరి శ్రమను కూలికి తీసుకున్నప్పుడు మనం యజమాని స్థానంలో కూర్చుంటున్నాము. ఆ స్థానంలో కూర్చున్నవారు ఎలా ప్రవర్తించాలో మనం దశాబ్దాలుగా ప్రభుత్వానికి చెబుతూనే ఉన్నాము. అదే కొలబద్దతో మన ప్రవర్తనను కొలుచుకొనడం ధర్మం.

ఖిదిర్‌పూర్ గోడలు

కోల్‌కతా నగరంలోని ఖిదిర్‌పూర్‌ను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటున్నాము. 1892లో ఓడల రేవు ప్రారంభమైన ఈ పేటను ఆనుకొని గార్డెన్ రీచ్ ఉన్నది. 1955 ఆగస్టు 1న ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు ప్రధాన కార్యాలయం అక్కడే. అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కేంద్రం కూడా అదే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు మన వాల్తేరు డివిజను ఆ కార్యాలయం కిందనే ఉండేది. అందువల్ల ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉద్యోగరీత్యా వెళ్ళి ఆ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రైలు క్వార్టర్లలో కాపురముండి, పదవీ విరమణ సమయానికి ఒక చిన్న ఫ్లాటు కొనుక్కున్నవారికి ఈ మరమ్మతు సమస్య బాగా పరిచితమైనది.

నది పక్కనే ఉండడం, గాలిలో సంవత్సరంలో ఎక్కువ కాలం తేమ నిండి ఉండడం వల్ల అక్కడి పాత ఇటుక గోడలలోని ఉప్పు పైకి తేలి, పూత పొడిపొడిగా రాలుతుంది. బెంగాలీలు దీనిని ‘నోనా’ పట్టడమంటారు. అటువంటి గోడమీద నేరుగా టైల్సు అతికిస్తే పూతతోపాటు అవి కూడా ఊడివస్తాయి. అప్పుడు మేస్త్రి రెండు మార్గాలు సూచిస్తాడు. పూత మొత్తం చెక్కివేసి తిరిగి సిమెంటు పూయడం ఒకటి. గోడకు ముందు ఇనుప చట్రం నిలబెట్టి, దానికి సిమెంటు బోర్డు బిగించి, ఆ బోర్డుమీద టైల్సు అతికించడం రెండవది. ఇంటిలో కొత్తగా తేలికపాటి అడ్డుగోడ కట్టుకొనేవారికి రెండవ మార్గమే అనువైనది. అయితే ఒక హెచ్చరిక అవసరం. బోర్డు చెమ్మను దాచగలదు గాని నయం చేయలేదు. గోడలో గొట్టం కారుతూ ఉంటే ముందుగా దానిని బాగు చేయించిన తరువాతనే బోర్డు సంగతి ఆలోచించాలి.

ఆ పనిలో ఏమేమి ఉన్నవి?

కూలి ఎంత అని నిర్ణయించే ముందు పని ఏమిటో తెలియాలి. ఈ బోర్డును సిమెంటు, సన్నని ఇసుక, పీచు కలిపి, ఒత్తి తయారుచేస్తారు. ప్లైవుడ్ వలె తడికి ఉబ్బదు. జిప్సం బోర్డు వలె తడిస్తే మెత్తబడి విడిపోదు. కాబట్టి నీరు పడే గోడలలో టైల్సుకు వెన్నుగా ఇది పనికి వస్తుంది. సాధారణంగా దొరికే బోర్డు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల మందం గల బోర్డు ఒక్కొక్కటి దాదాపు 40 కిలోలు తూగుతుంది. ఇరుకైన మెట్లమీద దానిని ఒక్కడు ఎక్కించలేడు. మూల తగిలితే విరిగిపోతుంది. విరిగితే నష్టం ఎవరిదన్న వివాదం వస్తుంది.

మొదట గోడ నిటారుగా ఉన్నదో లేదో తూకపు గుండు వేసి చూడాలి. ఇనుప చట్రాన్ని సమానమైన ఎడంతో నిలబెట్టాలి. కుళాయి గొట్టాలకు, విద్యుత్తు తీగలకు కొలత చూసి బోర్డులో రంధ్రాలు చేయాలి. బోర్డు అంచు నేలకు తగలకుండా కొద్దిగా పైకి ఉంచాలి. తగిలితే అది నేలమీది నీటిని పీల్చుకొంటుంది. రెండు బోర్డుల మధ్య సన్నని సందు వదిలి, తుప్పు పట్టని స్క్రూలను తగిన దూరాలలో బిగించి, సందుమీద జాలీ టేపు పరచి, అంటించే సిమెంటుతో పూడ్చాలి. ఆపైన నీరు దిగకుండా పూత వేసి, అది ఆరేవరకు ఆగాలి. ఇంత జరిగిన తరువాతనే మొదటి టైలు గోడకెక్కుతుంది. టైల్సు అతికించిన మరుక్షణం ఇందులో ఏదీ కంటికి కనబడదు. స్క్రూ వదిలివేసినా, టేపు వేయకపోయినా ఆ రోజున ఎవరికీ తెలియదు. రెండు మూడు వర్షాకాలాలు గడిచిన తరువాత అతుకు వెంట పగులు కనిపించినప్పుడు తెలుస్తుంది.

కనబడని పని కావడం వల్లనే దీనిమీద బేరం ఎక్కువ జరుగుతుంది. టైల్సు మెరుపు చూసి డబ్బు ఇవ్వడానికి మనసు ఒప్పుకొంటుంది. దాని వెనుక దాగిపోయే శ్రమకు ఇవ్వడానికి ఒప్పుకోదు.

ఒక లెక్క

ఇప్పుడు లెక్కకు వద్దాము. స్నానాల గదిలో నీరు పడే గోడలు మూడు ఉన్నవనుకొందాము. ఒక్కొక్కటి 5 అడుగుల వెడల్పు. 7 అడుగుల ఎత్తు వరకు టైల్సు కావాలి. మొత్తం విస్తీర్ణం 105 చదరపు అడుగులు. ఒక్కొక్క గోడకు 4 అడుగుల పూర్తి బోర్డు ఒకటి, 1 అడుగు వెడల్పు గల ముక్క ఒకటి పడతాయి. మూడు ముక్కలూ నాలుగవ బోర్డు నుంచి వస్తాయి. అనగా కొనవలసినవి 4 బోర్డులు, 128 చదరపు అడుగులు. అందులో 23 చదరపు అడుగులు కోతలో పోతాయి. ఇది మేస్త్రి చేసిన వృథా కాదు. బోర్డు కొలతకు, గోడ కొలతకు మధ్య ఉన్న తేడా. మెట్లమీదుగా మోయవలసిన బరువు దాదాపు 160 కిలోలు.

ఈ పనికి ఒక మేస్త్రి, ఒక సహాయకుడు రెండు రోజులు పని చేయవలసి వస్తుందనుకొందాము. వారికి రోజుకు ఎంత? ఇక్కడ మనకు ఒక అధికారిక కొలత ఉన్నది. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని నిర్మాణ పనులకు ‘ఏ’ తరగతి నగరాలలో 2024 అక్టోబరు 1 నుంచి అమలుకు వచ్చిన కనీస వేతనం నైపుణ్యం గల కార్మికునికి రోజుకు 954 రూపాయలు. నైపుణ్యం అవసరం లేని పనికి 783 రూపాయలు. కోల్‌కతా ‘ఏ’ తరగతిలోనిదే. ధరల సూచికను బట్టి ఈ రేట్లు ఎప్పటికప్పుడు సవరింపబడుతూ ఉంటాయి గనుక పని పెట్టుకొనే నాటి రేటును విచారించుకోవాలి. మన లెక్కకు వీటినే తీసుకొందాము.

మేస్త్రికి రెండు రోజులకు 1,908 రూపాయలు. సహాయకునికి 1,566 రూపాయలు. మొత్తం 3,474 రూపాయలు. 105 చదరపు అడుగులకు పంచితే అడుగుకు 33 రూపాయలు. ఇందులో కోత యంత్రం అరుగుదల లేదు. బ్లేడ్ల ఖర్చు లేదు. రాకపోకల ఖర్చు లేదు. పని దొరకని రోజుల భారం లేదు. బోర్డు, చట్రం, స్క్రూలు, టేపు, పూత సామగ్రి ధర ఎలాగూ వేరు. ఇది చట్టం ఒప్పుకొనే అట్టడుగు కూలి మాత్రమే. మేస్త్రి దీనిపైన అడిగితే అన్యాయమని అనడానికి మనకు ఆధారం లేదు.

ఒక ఠీకాదారు వచ్చి ఈ పనిని అడుగుకు 20 రూపాయలకే చేయిస్తానన్నాడనుకొందాము. మొత్తం 2,100 రూపాయలు. మనకు 1,374 రూపాయలు ఆదా అయినట్లు కనబడుతుంది. ఆ 1,374 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? సిమెంటు కంపెనీ వదులుకోలేదు; టైల్సు దుకాణం వదులుకోలేదు; ఠీకాదారు తన వాటా వదులుకోలేదు. సహాయకుడు సగం కూలికి పని చేయాలి. లేదా రెండు రోజుల పని ఒక్క రోజులో, దీపాలు పెట్టిన తరువాత కూడా సాగి ముగియాలి. లేదా స్క్రూల మధ్య దూరం రెట్టింపు కావాలి, టేపు ఎగిరిపోవాలి. మొదటి రెండింటిలో నష్టపడేది కార్మికుడు. మూడవదానిలో నష్టపడేది మనము. ఆచరణలో తరచు ఈ మూడూ కలిసే వస్తాయి.

చిన్న పనుల విషయంలో మరొక అపోహ ఉన్నది. మూడు గోడలకు అడుగుకు 33 రూపాయలైతే ఒక్క గోడకు కూడా అంతే కావాలి గదా అని మనం వాదిస్తాము. ఒక్క గోడ 35 చదరపు అడుగులు. ఆ రేటున 1,155 రూపాయలు వస్తాయి. కాని ఒక్క గోడకైనా ఆ ఇద్దరూ పనిముట్లు మోసుకొని రావాలి, బోర్డు ఎక్కించాలి, కొలతలు తీయాలి, అతుకులు పూడ్చాలి. వారికి ఆ రోజు మరొక చోట పని దొరకదు. ఇద్దరి ఒక రోజు కూలి 1,737 రూపాయలు. అనగా అడుగుకు దాదాపు 50 రూపాయలు. చిన్న పనికి అడుగు రేటు పెరగడం మోసం కాదు. అటువంటి పనులకు అడుగుల లెక్క మాని రోజు కూలి మాట్లాడుకోవడమే ఉభయులకు మంచిది.

రేవు గోడకు అటు, ఇటు

పైన చెప్పిన కేంద్ర ప్రభుత్వ రేటు రైల్వేలలో, ప్రధాన రేవులలో, ఇతర కేంద్ర సంస్థలలో జరిగే పనులకు వర్తిస్తుంది. గార్డెన్ రీచ్ కార్యాలయంలోనో, రేవు ఆవరణలోనో కాంట్రాక్టరు కింద బోర్డు బిగించే మేస్త్రికి అంతకు తగ్గించి ఇవ్వడం చట్టవిరుద్ధం. అదే మేస్త్రి మరునాడు రేవు గోడ దాటి ఖిదిర్‌పూర్ వీధిలోని మన ఇంటికి వస్తే అతనికి రాష్ట్ర ప్రభుత్వ రేటు వర్తిస్తుంది. అది కేంద్రం రేటుకంటె తక్కువ. చేయి అదే, పనిముట్టు అదే, బోర్డు బరువు అదే. గోడకు ఏ వైపున ఉన్నాడన్నదానిని బట్టి అతని రోజు విలువ మారుతున్నది. ఇక గుమ్మం దగ్గర బేరంలో ఆ తక్కువ రేటు సంగతి కూడా ఎవరూ తలపెట్టరు.

మన వేతన పోరాటాల చరిత్ర తెలిసిన పాఠకులకు ఇక్కడ ఎక్కువ వివరించనవసరం లేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలత నిర్ణయించింది. కార్మికుని కుటుంబాన్ని మూడు వినియోగ భాగాలుగా లెక్కించి, వారికి చాలినంత ఆహారం, నలుగురికి సంవత్సరానికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం మొదలైన ఖర్చులకు 20 శాతం కలపాలన్నది. 1991లో సుప్రీంకోర్టు రాప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, వివాహాల నిమిత్తం మరొక 25 శాతం చేర్చాలని చెప్పింది. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒకరోజు సమ్మె చేసినది ఈ అవసరాధార కనీస వేతనం కోసమే. ఆ సమ్మెలో రైల్వే, తపాలా ఉద్యోగులు ముందు నిలిచారు. ఏడవ వేతన సంఘం 2016 జనవరి 1 నుంచి కనీస మూలవేతనాన్ని 18,000 రూపాయలుగా సిఫారసు చేసినప్పుడు కూడా ఆధారంగా తీసుకొన్నది 1957 నాటి ఆ సూత్రాన్నే. 2025లో నియమితమైన ఎనిమిదవ వేతన సంఘం ముందు కూడా ఉద్యోగులు తమ వాదనను దానిమీదనే నిలబెడతారు.

ఆ సూత్రంలో ‘కార్మికుడు’ అన్న మాటకు ముందు ‘ప్రభుత్వ’ అన్న విశేషణం లేదు. మేస్త్రి ఇంటిలో కూడా మూడు వినియోగ భాగాలున్నవి. అతనికి నెలలో 18 రోజులు మాత్రమే పని దొరికిందనుకొందాము. రోజుకు 954 రూపాయల చొప్పున 17,172 రూపాయలు. ఏడవ వేతన సంఘం పదేళ్ళ క్రితం మనలో అందరికంటె కింది ఉద్యోగికి నిర్ణయించిన మూలవేతనంకంటె అది తక్కువ. దానిపై కరువు భత్యం లేదు, సెలవు లేదు, వైద్య సదుపాయం లేదు, పింఛను లేదు. ముర్షిదాబాద్, మాల్దా జిల్లాల నుంచి, దక్షిణ 24 పరగణాల పల్లెల నుంచి నగరానికి వచ్చే మేస్త్రీలు ఇంటికి పంపవలసిన సొమ్ము ఇందులో నుంచే మిగలాలి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి మన తాపీ పనివారు ఏ కారణాన ఇతర రాష్ట్రాలకు వలస పోతున్నారో, వీరు ఖిదిర్‌పూర్ చేరేది కూడా ఆ కారణంచేతనే.

దుమ్ము ఖరీదు

ఈ పనిలో కూలికంటె పెద్ద విషయం ఒకటి ఉన్నది. సిమెంటు బోర్డులో ఇసుక ఉంటుంది గనుక దానిని యంత్రంతో పొడిగా కోసినప్పుడు సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. కంటికి కనబడే పొడి నేలమీద పడుతుంది. కనబడనంత సన్ననిది ఊపిరితిత్తులలోకి పోతుంది. ఏళ్ళ తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. ఆ వ్యాధి ఒకసారి ముదిరితే వెనుకకు మళ్ళించే మందు లేదు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సిలికా దుమ్మును మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మన చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి. కాని మన స్నానాల గది ఫ్యాక్టరీ కాదు. మూసిన గదిలో, కిటికీ ఒక్కటే ఉన్న చోట, ముక్కుకు తువ్వాలు కట్టుకొని బోర్డు కోసే పనివాని సంగతి ఏ తనిఖీ అధికారి లెక్కలోనూ ఉండదు.

పాత క్వార్టర్లలో, పాత ఇళ్ళలో ఆస్‌బెస్టాస్ రేకులు, పలకలు కూడా ఉంటాయి. వాటి నార మరింత ప్రమాదకరం. 1995 జనవరి 27న సుప్రీంకోర్టులో తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి వెలువరించిన తీర్పు ఆస్‌బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. కార్మికుని ఆరోగ్య వివరాలను ఉద్యోగం ప్రారంభమైన నాటినుంచి 40 సంవత్సరాలు, లేదా ఉద్యోగం ముగిసిన తరువాత 15 సంవత్సరాలు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్నది. చరిత్రాత్మకమైన ఆ ఆదేశం ఫలితం పొందడానికి కార్మికునికి ఒక ఫ్యాక్టరీ, ఒక హాజరు పట్టీ ఉండాలి. ఇంటింటికీ తిరిగి బోర్డులు కోసేవానికి ఆ రెండూ లేవు. నలభై ఏళ్ళు అతని వివరాలు దాచేవారెవరు?

కాబట్టి జాగ్రత్త మన చేతిలోనే ఉన్నది. కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేని బోర్డు అని బిల్లుమీద రాయించుకోవాలి. భారత ప్రమాణాల సంఖ్య 2096 అని ఉంటే అది ఆస్‌బెస్టాస్ సిమెంటు పలక అని గ్రహించాలి. పాత ఆస్‌బెస్టాస్ పలకను కోయించడం, పగలగొట్టించడం చేయరాదు. కొత్త బోర్డును వీలైనంతవరకు గట్టి మొన గల కత్తితో గీత గీసి విరవవచ్చు. అలా చేస్తే దుమ్ము చాలా తక్కువ. యంత్రం తప్పనిసరి అయినప్పుడు గది వెలుపల, బాల్కనీలోనో మేడమీదనో, నీరు పోస్తూ కోయించాలి. విద్యుత్తు యంత్రం దగ్గర నీరు వాడేటప్పుడు అందుకు తగిన యంత్రమే ఉండాలి. దుమ్మును ఆపగల మాస్కు ఇద్దరికీ ఇవ్వాలి.

వీటివల్ల పని నిదానిస్తుంది. నిదానానికి కూలి ఇవ్వనిదే ఎవరూ నిదానించరు. మన ఉదాహరణలో ఇందుకు అదనంగా సగం రోజు పట్టిందనుకొంటే ఇద్దరి కూలి 868 రూపాయల 50 పైసలు. అడుగుకు 8 రూపాయల పైచిలుకు. రెండు మనుషుల ఊపిరితిత్తులను కాపాడడానికి ఒక కుటుంబం ఒక్కసారి భరించవలసిన ఖర్చు ఇంతమాత్రమే. దీనిని ఆదా చేసుకున్నామని సంతోషించడం మనకు తగదు.

ఒప్పందం ముందు, కోతలు తరువాత కాదు

మన సభ్యుల ఇబ్బందులను మేము ఎరుగనివారము కాము. గృహనిర్మాణ అప్పు వాయిదాలు, పిల్లల చదువులు, వైద్యం ఖర్చులు పోను మరమ్మతుకు మిగిలేది తక్కువ. పైగా బయానా తీసుకొని కనబడకుండా పోయేవారు, అతుకు పూడ్చకుండా టైల్సు కప్పివేసేవారు లేకపోలేదు. న్యాయమైన కూలి అంటే పని చూడకుండా డబ్బు చెల్లించడమని ఎవరూ భావించనక్కరలేదు. పూర్తి కూలి ఇచ్చేవానికి పూర్తి పని అడిగే హక్కు ఉన్నది.

ఈ విషయంలో వి.వి. గిరిగారి మార్గం మనకు స్ఫురణకు వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి, కేంద్ర కార్మిక మంత్రియై, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో విభేదించి 1954లో ఆ పదవికి రాజీనామా చేసి, 1969లో రాష్ట్రపతి అయిన ఆయన, తగాదాలు ఉభయుల సంప్రదింపులతోనే పరిష్కారం కావాలని వాదించారు. ఇంటి పనికి కూడా ఆ పద్ధతి వర్తిస్తుంది. మాట్లాడుకోవలసినదంతా పని మొదలుకాకముందే మాట్లాడుకోవాలి. పని ముగిసిన తరువాత చిన్న లోపం చూపి కూలిలో కోత విధించడం, మన కార్యాలయాలలో మనం నిరసించే ఏకపక్ష చర్య వంటిదే.

అందుచేత సభ్యులకు మా సూచనలివి.

1. ఒక కాగితంమీద పని వివరం, విస్తీర్ణం, సామగ్రి ఎవరు తెస్తారో, బోర్డు విరిగితే నష్టం ఎవరిదో, కూలి ఎంతో రాసుకోవాలి. ఆ కాగితం మేస్త్రికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

2. సామగ్రి ధరను, కూలిని విడివిడిగా రాయాలి. కలిపి చెప్పిన మొత్తంలో ముందుగా చిక్కిపోయేది కూలియే.

3. ఠీకాదారు ద్వారా పని చేయిస్తే పనివారికి రోజుకు ఎంత ముడుతున్నదో అడిగి తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ కనీస రేటుకు తగ్గకుండా చూడాలి.

4. చట్రం నిలిచినప్పుడు ఒకసారి, అతుకులు పూడ్చి పూత ఆరిన తరువాత ఒకసారి, టైల్సు వేయకముందే పని చూడాలి. ఆ దశల ప్రకారమే డబ్బు చెల్లించాలి. చూసి ఒప్పుకొన్న దశకు బాకీ పెట్టరాదు.

5. ఎనిమిది గంటల తరువాత పని సాగితే అదనపు కూలి ఇవ్వాలి. మధ్యాహ్న విశ్రాంతికి, మంచినీటికి వీలు కల్పించాలి.

6. పని ముగిసిన రోజున, ఇతడు మా ఇంట ఫలానా తేదీల నుంచి ఫలానా తేదీల వరకు ఇన్ని రోజులు పని చేశాడని సంతకం చేసి ఒక చీటీ ఇవ్వాలి.

ఈ చివరి సూచనకు కారణం చెప్పవలసి ఉన్నది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ పథకాలలో పేరు నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుతోపాటు, గత 12 నెలలలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 1996 నాటి చట్టం పెట్టిన ఈ నియమం కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగింది. ఒకే యజమాని కింద పని చేసేవానికి 90 రోజులు రుజువు చేయడం సులభం. ఎన్నో ఇళ్ళలో రెండేసి రోజులు పని చేసేవానికి అది దుస్సాధ్యం. మనం ఇచ్చే చీటీ అతనికి ఒక ఆధారమవుతుంది. దానికి మనకయ్యే ఖర్చు ఒక కాగితం, ఒక సంతకం.

చట్టం మన గుమ్మం దగ్గర ఆగిపోతున్న సంగతి కూడా గమనించాలి. 1996 చట్టం ప్రకారం సొంత నివాసానికి 10 లక్షల రూపాయలకు మించని పనులకు నిర్మాణ సెస్సు ఉండేది కాదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ పరిమితిని 50 లక్షలకు పెంచింది. ఫలితంగా సొంత ఇళ్ళ పనులలో మరింత భాగం సంక్షేమ నిధికి ఏమీ చెల్లించకుండానే సాగుతుంది. కాంట్రాక్టు కార్మికుల రక్షణ కూడా 20 మంది ఉన్న చోట నుంచి 50 మంది ఉన్న చోటికి జరిగిపోయింది. ఇద్దరే పని చేసే స్నానాల గదికి ఈ రక్షణలలో ఏదీ చేరదు. ఈ పరిమితులను తగ్గించాలని, చిన్న పనుల కార్మికుల నమోదుకు సులభమైన పద్ధతి కల్పించాలని మనం కోరాలి. ఆ కోరిక నెరవేరేలోగా, చట్టం చేరని చోట మన నడవడియే వారికి రక్షణ.

ఖిదిర్‌పూర్ వాసులైన మన సభ్యులకు ఒక విషయం జ్ఞాపకం చేస్తున్నాము. 1946 జూలైలో తంతి తపాలా ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు, జూలై 29న కలకత్తా నగరమంతా వారికి మద్దతుగా పని నిలిపివేసింది. ఆ రోజు పని మానినవారిలో అత్యధికులకు తపాలా జీతాల పెంపువల్ల ఒక్క పైసా వచ్చేది కాదు. ఆ రోజు కూలి పోగొట్టుకొని వారు మన పక్షాన నిలిచారు. ఆ నగరంలో ఇప్పుడు మన ఇంటి గోడకు బోర్డు బిగించడానికి వచ్చే కార్మికుడు తన కూలికి న్యాయం అడిగితే, మనం చేతిలో లెక్క కాగితంతో, శాంతంగా, ముందుగానే కూర్చొని మాట్లాడాలి. చట్టం ఒప్పుకొనే అట్టడుగు రేటు నుంచి ఆ సంభాషణ మొదలుకావాలి. అంతకు కిందినుంచి కాదు.

ప్రతి శాఖా సంఘమూ తన ప్రాంతంలో అమలులో ఉన్న నిర్మాణ కనీస వేతనపు రేట్లను నోటీసు బోర్డుమీద ప్రకటించాలని, రాబోయే శాఖా సమావేశాలలో ఈ విషయాన్ని చర్చకు తీసుకోవాలని కోరుతున్నాము.